పీఎన్‌ఎం అంటే ఏంటి? ఎలమంచిలి ట్రాక్‌మ్యాన్ సమస్య ఎన్ని టేబుళ్లు దాటాలి?

రైల్వేలో యూనియన్ నేతలు, అధికారులు క్రమం తప్పకుండా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే పద్ధతి 1952 నుంచి ఉంది. విశాఖ స్టీల్‌ప్లాంట్‌లో, పోర్టులో కూడా ఇలాంటి మీటింగులు వేరే పేర్లతో జరుగుతుంటాయి. మరి కొన్ని సమస్యలు ఒక్క మీటింగ్‌లో తేలిపోతుంటే, కొన్ని మాత్రం ఏళ్ల తరబడి మినిట్స్ పుస్తకంలోనే ఎందుకు ఉండిపోతాయి?

విశాఖపట్నంలో రాజమండ్రి వైపు వెళ్లే రైలెక్కితే అనకాపల్లి తర్వాత వచ్చే పట్టణం ఎలమంచిలి. విశాఖకు గంట ప్రయాణం. కానీ ఇక్కడ పనిచేసే రైల్వే ఉద్యోగుల డివిజన్ ఆఫీసు విశాఖలో లేదు. దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో, విజయవాడలో ఉంది. దువ్వాడ వరకు ఉన్న లైన్ అంతా విజయవాడ డివిజన్ కిందే ఉండటం దీనికి కారణం.

ఈ సెక్షన్‌లో పనిచేసే ఒక ట్రాక్‌మ్యాన్ ఉన్నాడనుకుందాం. ఆయన ఉండే రైల్వే క్వార్టర్ పైకప్పు కారుతోంది. పై అధికారికి చెప్పాడు. రాసి ఇచ్చాడు. ఒక వానాకాలం పోయింది, రెండోదీ వచ్చింది. అడిగినప్పుడల్లా 'ఎస్టిమేట్ పంపాం', 'కాంట్రాక్ట్ అయిపోయింది, కొత్తది రావాలి' అనే సమాధానమే. ఒక్కడే విజయవాడ వెళ్లి పెద్ద ఆఫీసర్‌ని కలవాలంటే ఒక రోజు సెలవు పెట్టాలి. వెళ్లినా కలుస్తారన్న గ్యారంటీ లేదు.

ఇలాంటి చోట పనికొచ్చేదే పీఎన్‌ఎం. పూర్తి పేరు పర్మనెంట్ నెగోషియేటింగ్ మెషినరీ. తెలుగులో చెప్పాలంటే శాశ్వత సంప్రదింపుల యంత్రాంగం. రైల్వే కాలనీల్లో మాత్రం అందరూ 'పీఎన్‌ఎం' అనే అంటారు.

*ఎలా నడుస్తుంది?*

మూడు అంచెలుంటాయి. మొదటి అంచె డివిజన్, దాని పైన జోన్. డివిజన్‌లో డీఆర్‌ఎం, బ్రాంచ్ అధికారులు కనీసం రెండు నెలలకోసారి గుర్తింపు పొందిన యూనియన్‌తో కూర్చోవాలి. జోన్‌లో జనరల్ మేనేజర్ స్థాయిలో మూడు నెలలకోసారి. రెండో అంచె ఢిల్లీలో. రైల్వే బోర్డు, జాతీయ ఫెడరేషన్లు మాట్లాడుకుంటాయి. అక్కడా తేలని ముఖ్యమైన వివాదం ఏదైనా ఉంటే మూడో అంచెగా ట్రైబ్యునల్. కార్మికుల తరఫున, యాజమాన్యం తరఫున సమానంగా సభ్యులు, మధ్యలో తటస్థ చైర్మన్.

ట్రాక్‌మ్యాన్ కథకి వద్దాం. ఆయన యూనియన్ బ్రాంచ్‌కి చెప్తాడు. బ్రాంచ్ వాళ్లు ఆ ఒక్క ఇంటి గురించే రాయరు. ఆ వరుసలో ఎన్ని క్వార్టర్లు కారుతున్నాయో చూసి, అన్నీ కలిపి ఒక అంశంగా డివిజన్ నాయకత్వానికి పంపుతారు. మీటింగ్‌కి ముందే అజెండా అధికారులకు చేరుతుంది. సంబంధిత విభాగం రాతపూర్వకంగా జవాబు తయారు చేసుకుని రావాలి. అదే ఈ పద్ధతి బలం. 'చూస్తాం లెండి' అన్న నోటిమాట ఇక్కడ నంబర్ ఉన్న ఐటమ్ అవుతుంది. ఈ మీటింగ్‌లో తేలకపోతే వచ్చే మీటింగ్‌లో అదే నంబర్ మళ్లీ ముందుకొస్తుంది. అధికారి బదిలీ అయినా ఐటమ్ బదిలీ అవ్వదు.

గుర్తింపు పొందిన యూనియన్లు రెండుంటే రెండింటితో విడివిడిగా మీటింగులు జరుగుతాయి. ఒకే సమస్యను ఇద్దరూ ఎత్తడం, తేలాక 'మేమే సాధించాం' అని రెండు పోస్టర్లు పడటం రైల్వే కాలనీల్లో మామూలే.

*ఏది ఎక్కడ మాట్లాడాలి? అసలు మెలిక ఇదే*

పీఎన్‌ఎం ఒప్పందంలో ఒక గీత స్పష్టంగా ఉంది. పే స్కేళ్లు, అలవెన్సుల లాంటి విషయాలు రైల్వే బోర్డు, ఫెడరేషన్ల మధ్యే మాట్లాడాలి. డివిజన్‌లోనూ, జోన్‌లోనూ వాటిని చర్చించకూడదు. అలాగే ఒక వ్యక్తి మీద క్రమశిక్షణ చర్యలు, ఒకరి బదిలీ, ఒకరి ప్రమోషన్ లాంటివి మామూలుగా పీఎన్‌ఎం పరిధిలోకి రావు. నలుగురికీ వర్తించే సూత్రం ఏదైనా అందులో ఉంటేనే చర్చకు తీసుకుంటారు. ఆపైన అధికారి విచక్షణ.

అంటే టేబుల్ అవతల కూర్చున్న వాళ్లకు ఏ అధికారం ఉందో, అదే ఆ టేబుల్ మీద తేలుతుంది. కారుతున్న పైకప్పు డీఆర్‌ఎం చేతిలో ఉంది. నిధులు ఆయన పరిధిలోనివి, కాంట్రాక్ట్ పిలిచేదీ ఆయన కింద ఇంజినీర్లే. కాబట్టి ఆ ఐటమ్‌కు 'ఫలానా నెలలోపు పూర్తి చేస్తాం' అన్న జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. ట్రాక్ మీద పనిచేసే వాళ్లకు షూలు, రెయిన్‌కోట్లు, టార్చిలైట్లు, చిన్న స్టేషన్లలో మహిళా సిబ్బందికి టాయిలెట్, బట్టలు మార్చుకునే గది, లోకో పైలట్ల రన్నింగ్ రూముల్లో భోజనం, ఆగిపోయిన టీఏ బిల్లులు, ఆలస్యమవుతున్న సీనియారిటీ లిస్టులు.. డివిజన్ మీటింగుల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే. బయటవాళ్లకు చిన్నగా అనిపిస్తాయి. అర్ధరాత్రి వానలో పట్టాల వెంట కిలోమీటర్ల కొద్దీ నడిచే పెట్రోల్‌మ్యాన్‌కి టార్చిలైట్ చిన్న విషయమేమీ కాదు.

ఇప్పుడు నైట్ డ్యూటీ అలవెన్స్ చూడండి. నెలకు మూల వేతనం 43,600 రూపాయలు దాటిన వాళ్లకు ఈ అలవెన్స్ ఇవ్వకూడదన్న పరిమితి 2020లో రైల్వేలో అమల్లోకి వచ్చింది. రాత్రంతా మేలుకుని రైళ్లు నడిపించే సీనియర్ స్టేషన్ మాస్టర్ల లాంటి వాళ్లు దీనివల్ల నష్టపోయారు. దీన్ని డివిజన్ పీఎన్‌ఎంలో ఎంత గట్టిగా అడిగినా వచ్చే జవాబు ఒక్కటే. 'ఇది బోర్డు పాలసీ.' డీఆర్‌ఎం మనసులో సానుభూతి ఉన్నా చేయగలిగింది లేదు. అది ఢిల్లీ టేబుల్ మీద తేలాలి. నిజానికి ఆ పరిమితి మూలం రైల్వే బోర్డు కూడా కాదు, కేంద్ర సిబ్బంది శాఖ ఉత్తర్వు. అంటే బోర్డుకీ పైన ఇంకో టేబుల్ ఉంది.

ఈ రెండింటి మధ్యలో పడే సమస్యలు కొన్ని ఉంటాయి. అవే ఎక్కువ కాలం నలుగుతాయి. లెవెల్ క్రాసింగ్ గేట్‌మ్యాన్ డ్యూటీ గంటలు అలాంటివే.

రైల్వే చట్టం 1989 ప్రకారం ఉద్యోగాలను పని తీవ్రతను బట్టి వర్గాలుగా విడదీస్తారు. 'కంటిన్యువస్' అంటే ఎడతెగని పని. వారానికి సగటున 54 గంటలు మించకూడదు. 'ఎసెన్షియల్లీ ఇంటర్మిటెంట్', రైల్వే వాళ్ల మాటల్లో ఈఐ, అంటే మధ్యమధ్యలో ఖాళీ దొరికే పని. దీనికి చట్టం గరిష్ఠంగా 75 గంటల వరకు ఒప్పుకుంటుంది. గేట్ రిజిస్టర్‌లో ఒక్క మాట మారితే వారానికి 21 గంటల తేడా. 12 గంటల డ్యూటీ చేసే గేట్‌మ్యాన్‌కి, 8 గంటల డ్యూటీ చేసే గేట్‌మ్యాన్‌కి మధ్య ఉన్నది ఈ మాటే.

ఆ మాట మార్చాలంటే జాబ్ ఎనాలిసిస్ చేయాలి. మూడు రోజులు, 72 గంటల పాటు ఆ గేట్ దగ్గర ఎన్ని రైళ్లు వెళ్లాయి, ఎన్నిసార్లు గేటు వేశారు, ఫోన్ ఎన్నిసార్లు మోగింది, నిజంగా ఎంతసేపు ఖాళీ దొరికింది అని లెక్క రాస్తారు. ఎలమంచిలి మీదుగా వెళ్లేది హౌరా-చెన్నై మెయిన్ లైన్. దేశంలో బాగా రద్దీగా ఉండే లైన్లలో ఇదొకటి. పదేళ్ల కిందట ఖాళీ ఉండేదని రాసిన చోట ఇప్పుడు ఉండకపోవచ్చు. కానీ రోస్టర్ 12 నుంచి 8కి మారితే రోజుకు ఇద్దరు చేసే చోట ముగ్గురు కావాలి. వారాంతపు సెలవుకు మార్చే మనిషి అదనం. పోస్టులు ఎక్కడి నుంచి వస్తాయి? ఎనాలిసిస్ చేయించడం డివిజన్ చేతిలో పనే. పోస్టులు పుట్టించడం మాత్రం దాని చేతిలో లేదు. అందుకే ఇలాంటి ఐటమ్ మీటింగ్ నుంచి మీటింగ్‌కి 'పరిశీలనలో ఉంది' అంటూ జరుగుతూ పోతుంది. ఇక్కడ ఉద్యోగికి ఇంకో దారి కూడా ఉంది. తన పనిని తప్పు వర్గంలో వేశారనుకుంటే రీజినల్ లేబర్ కమిషనర్‌కు అప్పీల్ చేసుకోవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

*1951లో అసలు ఏం జరిగింది?*

స్వాతంత్ర్యం వచ్చిన మొదటి ఏళ్లలో రైల్వే కార్మికుల సమాఖ్య ఏఐఆర్‌ఎఫ్‌కు అధ్యక్షుడు ఎవరో తెలుసా? జయప్రకాశ్ నారాయణ్. ఏఐఆర్‌ఎఫ్ 1924లో పుట్టింది. పని గంటలు, సెలవులు, జీతాల మీద 1946లోనే సమ్మె దాకా వచ్చారు. అప్పుడు జస్టిస్ రాజాధ్యక్షను తీర్పరిగా వేశారు. స్వాతంత్ర్యం తర్వాత కూడా సమ్మె హెచ్చరికలు ఆగలేదు. ప్రతిసారీ సమ్మె నోటీసు ఇచ్చాకే కూర్చోవడం ఎందుకు, ముందే క్రమం తప్పకుండా కూర్చుందాం అన్న ఆలోచనలోంచి 1951 చివర్లో ఒప్పందం కుదిరింది. 1952 జనవరి 1 నుంచి పీఎన్‌ఎం అమల్లోకి వచ్చింది.

మిగతా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఇలాంటిది రావడానికి ఇంకో 14 ఏళ్లు పట్టింది. 1960 జులైలో కేంద్ర ఉద్యోగులు పెద్ద సమ్మె చేశారు. ఆ తర్వాత 1966 అక్టోబర్‌లో జేసీఎం, అంటే జాయింట్ కన్సల్టేటివ్ మెషినరీ మొదలైంది. జాతీయ స్థాయిలో దానికి కేబినెట్ సెక్రటరీ అధ్యక్షుడు. మోడల్ మాత్రం బ్రిటన్‌ది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి కార్మిక అశాంతి మధ్య 1917లో జె.హెచ్.విట్లీ కమిటీ అక్కడ సూచించిన ఉమ్మడి మండళ్లనే ఇక్కడ కొద్ది మార్పులతో తీసుకున్నారు. జేసీఎంలో తేలకపోతే జీతభత్యాలు, వారపు పని గంటలు, సెలవుల విషయంలో ఆర్బిట్రేషన్‌కు వెళ్లే వీలుంది.

వినడానికి బాగానే ఉంది కదా. కానీ రెండేళ్లు తిరక్కుండానే, 1968 సెప్టెంబర్ 19న కేంద్ర ఉద్యోగులు మళ్లీ ఒకరోజు సమ్మె చేశారు. అవసరాలకు తగ్గ కనీస వేతనం కావాలన్న డిమాండ్‌ను ఆర్బిట్రేషన్‌కు పంపడానికి ప్రభుత్వం ఒప్పుకోకపోవడమే కారణం. యంత్రాంగం ఉంది, మీటింగులు జరుగుతున్నాయి, అసలు విషయం మాత్రం టేబుల్ మీదకు రానివ్వలేదు.

ఇక 1974 సంగతి తెలిసిందే. మే 8న మొదలై 27 వరకు సాగిన రైల్వే సమ్మె. జార్జ్ ఫెర్నాండెజ్ అప్పుడు ఏఐఆర్‌ఎఫ్ అధ్యక్షుడు. సమ్మె మొదలవ్వకముందే, మే 2న ఆయన్ని అరెస్ట్ చేశారు. బోనస్, 8 గంటల పని ముఖ్యమైన డిమాండ్లు. 22 ఏళ్లుగా క్రమం తప్పకుండా మీటింగులు జరిగిన శాఖలోనే ఇంత పెద్ద సమ్మె వచ్చింది. అప్పుడు ఇవ్వని బోనస్ 1979లో ఉత్పాదకతతో ముడిపెట్టి వచ్చింది. ఇప్పుడు ఏటా దసరా ముందు టీవీల్లో స్క్రోలింగ్ వచ్చే '78 రోజుల బోనస్' అదే. దాన్ని లెక్కగట్టే నెల జీతం పరిమితి 7,000 రూపాయలు కాబట్టి ఎంత జీతమున్నా చేతికొచ్చేది గరిష్ఠంగా 17,951 రూపాయలే. ఆ పరిమితి పెంచాలన్నది ఫెడరేషన్ల పాత డిమాండ్.

మూడో అంచె ట్రైబ్యునల్ కూడా కాగితం మీదే మిగిలిపోలేదు. పని గంటల వివాదం మీద 1969లో జస్టిస్ మియాభాయ్ ట్రైబ్యునల్ వేశారు. 1972లో నివేదిక వచ్చింది. అంటే మూడేళ్లు.

*టేబుల్ దగ్గర కుర్చీ ఎవరికి?*

పీఎన్‌ఎంలో కూర్చోవాలంటే యూనియన్‌కి గుర్తింపు ఉండాలి. గుర్తింపు కోసం ఉద్యోగులు రహస్య బ్యాలెట్‌లో ఓటేస్తారు. మొదటిసారి 2007లో, తర్వాత 2013లో, ఆ తర్వాత పదకొండేళ్లకు 2024 డిసెంబర్ మొదటి వారంలో ఈ ఎన్నికలు జరిగాయి. మధ్యలో సర్వీసులో చేరి, ఒక్కసారీ ఓటేయని ఉద్యోగులు వేలల్లో ఉన్నారు. వాళ్ల తరఫున టేబుల్ దగ్గర కూర్చున్నది పాత ఓట్లతో గెలిచిన వాళ్లే. అసెంబ్లీకి పదకొండేళ్లు ఎన్నికలు పెట్టకపోతే ఊరుకుంటామా?

లోకో పైలట్లకు, స్టేషన్ మాస్టర్లకు విడిగా కేటగిరీ సంఘాలున్నాయి. వాటికి సభ్యులున్నారు, బలమూ ఉంది. 2024లో వారాంతపు విశ్రాంతి గంటల మీద దక్షిణ రైల్వేలో గట్టిగా కదిలింది లోకో పైలట్ల సంఘమే. కానీ పీఎన్‌ఎంలో వీళ్లకు కుర్చీ లేదు. తమ మాట గుర్తింపు యూనియన్ల ద్వారానే వెళ్లాలి.

అసలు ఏ దారీ లేని వాళ్లు వేరే ఉన్నారు. స్టేషన్ ప్లాట్‌ఫాం ఊడ్చే మనిషి, రైలు కోచ్‌లో దుప్పట్లిచ్చే కుర్రాడు. పనిచేసేది రైల్వేలో, జీతమిచ్చేది కాంట్రాక్టర్. కాబట్టి వాళ్ల జీతం రెండు నెలలు ఆగితే అది పీఎన్‌ఎంలో తమ పేరుతో ఐటమ్ కాదు.

*స్టీల్‌ప్లాంట్‌లో వేరే లెక్క*

ఎలమంచిలి, అనకాపల్లి వైపు ఇళ్లలో స్టీల్‌ప్లాంట్‌తో సంబంధం లేని వీధి అరుదు. అక్కడ రైల్వే పీఎన్‌ఎం ఉండదు. ప్లాంట్‌లో రహస్య బ్యాలెట్‌లో గెలిచిన గుర్తింపు యూనియన్ స్థానిక సమస్యలు మాట్లాడుతుంది. జీతాల మాట మాత్రం ఎన్‌జేసీఎస్‌లో, అంటే ఉక్కు పరిశ్రమ జాతీయ ఉమ్మడి కమిటీలో తేలాలి. 1969లో మొదలైన ఈ కమిటీలో సెయిల్, ఆర్‌ఐఎన్‌ఎల్ యాజమాన్యాలు ఒకవైపు, ఐఎన్‌టీయూసీ, ఏఐటీయూసీ, సీఐటీయూ, హెచ్‌ఎంఎస్, బీఎంఎస్ లాంటి కేంద్ర సంఘాలు ఇంకోవైపు ఉంటాయి.

2017 జనవరి 1 నుంచి జీతాలు సవరించాలి. చర్చలు సాగి సాగి 2021 అక్టోబర్‌లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అన్ని సంఘాలూ సంతకం పెట్టలేదు. ఇక విశాఖలో ఆ సవరణను అమలు చేయాలన్నది ఆ తర్వాత కూడా యూనియన్ల డిమాండ్ల లిస్టులో కొనసాగింది. ఎందుకు? ప్రభుత్వ రంగ సంస్థల వేతనాలపై కేంద్రం 2017 నవంబర్‌లో ఇచ్చిన విధానం ప్రకారం, సంస్థకు భరించే స్థోమత ఉంటేనే పెంచాలి, ప్రభుత్వం డబ్బులివ్వదు. సొంత గనులు లేక, అప్పుల వడ్డీ మోస్తూ నష్టాల్లో ఉన్న ప్లాంట్‌కు ఈ షరతు గట్టిగా తగిలింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ తిరగబడింది. పూజారి తల ఊపినా దేవుడి దగ్గర చిల్లర లేదు.

ఇంకా పెద్ద విషయం ప్రైవేటీకరణ. 2021 జనవరి 27న కేంద్ర కేబినెట్ ఆర్థిక వ్యవహారాల కమిటీ ఆర్‌ఐఎన్‌ఎల్‌లో వంద శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ప్లాంట్ యాజమాన్యంతో జరిగే ఏ మీటింగ్‌లోనూ ఈ విషయం తేలదు. ఎదురుగా కూర్చున్న సీఎండీ కూడా ఆ నిర్ణయాన్ని అమలు చేయాల్సిన మనిషే. అందుకే ఈ పోరాటం మీటింగ్ హాల్ నుంచి కూర్మన్నపాలెం గేటు దగ్గరి దీక్షా శిబిరానికి వచ్చింది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. అది కూడా ఢిల్లీలో తేలిందే.

కాంట్రాక్ట్ కార్మికుల పరిస్థితి ఇక్కడ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2024 సెప్టెంబర్ చివర్లో వేలాది మంది గేటు పాసుల సమస్య వచ్చినప్పుడు ఆందోళన జరిగింది, విషయం విశాఖలోని రీజినల్ లేబర్ కమిషనర్ దగ్గరికి వెళ్లింది. 2025 మేలో తొలగింపుల మీద మళ్లీ సమ్మె. పర్మనెంట్ ఉద్యోగికి రోజూ ఉండే టేబుల్ కాంట్రాక్ట్ కార్మికుడికి సమ్మె చేశాక కానీ కనిపించదు.

*పోర్టులో చివరి రోజు ఒప్పందం*

విశాఖ పోర్టు సహా దేశంలోని మేజర్ పోర్టుల కార్మికుల జీతాలు మాట్లాడటానికి కేంద్రం 2021లో ద్వైపాక్షిక వేతన కమిటీ వేసింది. 2022 జనవరి 1 నుంచి కొత్త జీతాలు రావాలి. మీటింగ్ మీద మీటింగ్ జరిగింది, ఒప్పందం కాలేదు. 2024 ఆగస్ట్ 28 నుంచి సమ్మె అని సమాఖ్యలు ప్రకటించాయి. ఆగస్ట్ 27న, సమ్మెకు కొన్ని గంటల ముందు, 8.5 శాతం పెంపుతో ఒప్పందం కుదిరింది. మూడేళ్లు తేలనిది ఒక్క రోజులో ఎలా తేలిందంటే, మూడేళ్ల మీటింగుల్లో తేడా ఎంతవరకు తగ్గిందో ఇరువైపులా తెలుసు, మిగిలింది ఎవరో ఒకరు తలవంచడమే. ఈ ఒప్పందం 2026 డిసెంబర్ 31 వరకు.

*కొత్త లేబర్ కోడ్‌లతో ఏం మారింది?*

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అందులో పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 51 శాతం కార్మికుల మద్దతున్న యూనియన్ ఉంటే అదొక్కటే చర్చలకు కూర్చుంటుంది. ఎవరికీ అంత లేకపోతే, 20 శాతం చొప్పున మద్దతున్న యూనియన్లతో చర్చల మండలి ఏర్పడుతుంది. వంద మందికి పైగా ఉన్నచోట వర్క్స్ కమిటీ అన్నది 1947 చట్టంలోనూ ఉంది, ఇప్పుడూ ఉంది. 20 మంది, అంతకంటే ఎక్కువ కార్మికులున్నచోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ పెట్టాలి. అందులో యాజమాన్యం, కార్మికుల సభ్యులు సమానంగా ఉండాలి. 30 రోజుల్లో తేల్చాలి.

సమ్మెకు మాత్రం రూల్ బిగించారు. కనీసం 14 రోజుల ముందు నోటీసు అన్నది ఇదివరకు రైల్వే, పోర్టు లాంటి ప్రజా సేవల సంస్థలకే ఉండేది. ఇప్పుడు అన్ని పరిశ్రమలకూ వర్తిస్తుంది. రాజీ చర్చలు నడుస్తుండగా సమ్మె కుదరదు. సగం మంది కలిసి ఒకేసారి సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క. యూనియన్ల అభ్యంతరం ఇక్కడే. రాజీ చర్చలు సాగినంత కాలం సమ్మెకు వీల్లేకపోతే, చర్చలు సాగదీయడం ఎవరికి లాభం అన్నది వాళ్ల ప్రశ్న. పోర్టు ఒప్పందం ఏ రోజు కుదిరిందో గుర్తుంటే ఈ ప్రశ్నను కొట్టిపారేయలేం.

*మీ ఐటమ్ ఏమైందో ఎలా తెలుసుకోవాలి?*

మీటింగ్ అయ్యాక మినిట్స్ రాస్తారు. చాలా గొడవలు ఇక్కడే. మీటింగ్‌లో 'చేస్తాం' అన్నది మినిట్స్‌లో 'పరిశీలిస్తాం' అని వస్తే ఐటమ్ బలం పోయినట్టే. 'క్లోజ్డ్' అని రాసి ఉంటే ఎందుకు క్లోజ్ అయిందో చూడాలి. పని అయిపోయి క్లోజ్ అయిందా, పని చేస్తామన్న మాట మీద క్లోజ్ చేశారా అన్నది చూడకపోతే, పైకప్పు కారుతూనే ఉంటుంది, కాగితం మీద మాత్రం బాగుపడి ఉంటుంది. రెండో రకం అయితే బ్రాంచ్ వాళ్లను అడిగి కొత్త ఐటమ్‌గా పెట్టించుకోవాలి.

యూనియన్ సభ్యుడైతే బ్రాంచ్ దగ్గర మినిట్స్ కాపీ అడగొచ్చు. దొరక్కపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు చేసుకోవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. అడిగేటప్పుడు ఐటమ్ నంబర్, మీటింగ్ తేదీ రాస్తే పని తేలికవుతుంది. కాంట్రాక్ట్ కార్మికులైతే కేంద్ర కార్మిక శాఖ 'సమాధాన్' పోర్టల్‌లో వివాదం నమోదు చేయొచ్చు. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే పని ఇచ్చిన సంస్థే చెల్లించాలని చట్టం చెప్తోంది. కాబట్టి హాజరు వివరాలు, గేటు పాస్ కాపీ, బ్యాంక్ స్టేట్‌మెంట్ దాచుకోవడం మంచిది.

*ఇక జోన్ మారితే?*

విజయవాడలో తేలని ఎలమంచిలి ఐటమ్ ఇన్నేళ్లూ 600 కిలోమీటర్లకు పైన ఉన్న సికింద్రాబాద్ వెళ్లేది. దక్షిణ మధ్య రైల్వే కేంద్రం అక్కడే కాబట్టి. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. విజయవాడ, గుంటూరు, గుంతకల్ డివిజన్లతో పాటు వాల్తేరులోని కొంత భాగంతో ఏర్పడే విశాఖ డివిజన్ అందులోకి వస్తాయి. సవరించిన ఈ ప్రణాళికకు 2025 ఫిబ్రవరి 7న కేంద్ర కేబినెట్ ఆమోదం తెలిపింది. అంటే ఈ కొత్త ఏర్పాటులో ఎలమంచిలి ఉద్యోగికి డివిజన్ ఆఫీసు విజయవాడే, దాని పై టేబుల్ మాత్రం గంట దూరంలోని విశాఖకు వస్తుంది. 300 కిలోమీటర్లు వెళ్లి తేలని సమస్య, వెనక్కి ఇంటి పక్కకే వచ్చి తేలాలన్నమాట.

జోన్లు విడిపోయేటప్పుడు పోస్టులు, సీనియారిటీ, ఎవరు ఎటు వెళ్లాలన్న ఆప్షన్లు కూడా పంచుకోవాలి. సికింద్రాబాద్ ఫైళ్లలో పెండింగ్‌లో ఉన్న ఐటమ్స్ ఏ నంబర్‌తో విశాఖకు వస్తాయి, కొత్త జోన్‌లో గుర్తింపు యూనియన్‌గా ఎవరు కూర్చుంటారు అన్నవి కూడా అదే పంపకంలో భాగం. పైకప్పు గురించి రాసిచ్చిన ట్రాక్‌మ్యాన్, ఈలోపు తన ఐటమ్ నంబర్ ఒకచోట రాసి పెట్టుకోవాలి.